సాల్మె ఇంటి పొగ

హీయుమా దీవిలో నేను ఉత్తరాలు పంచుతాను.
నలభై ఏడు గడపలు, ఒక పాత వ్యాను, ఒక కుంటి కుక్క.
కుక్క సంగతి తర్వాత.

హెల్దూర్ ఇంటికి ఏ రోజు వెళ్ళినా
తలుపు తీయకముందే రేడియో ఎదురొస్తుంది.
వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి,
జేబులో ఫోను, అది వేరే.
ఒకప్పుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు.
చెవి ఆనించి
మూడో సిలిండరు దగ్గుతోందని చెప్పేవాడు.
ఇప్పుడా చెవికి
ఏ జలసంధిలో ఎన్ని ఓడలు ఆగాయో తెలుసు,
గోధుమల ధర రాత్రికి రాత్రి ఎంత ఎగబాకిందో తెలుసు,
పేరు నోరు తిరగని ఊళ్ళో
కూలిన వంతెన పొడవు మీటర్లలో తెలుసు.
దూరపు కొండలు నునుపంటారు గానీ
అతని కళ్ళకు దూరపు కొండలన్నీ మండుతున్నాయి.

కాఫీ పోస్తూ అడుగుతాడు: "విన్నావా?"
ఏదని అడగను. అడిగితే అరగంట.
"విన్నాను" అంటాను.
నేను వినలేదు,
చలికి చెవులు కప్పుకుని వచ్చాను.

ఒకసారి చెప్పాను, మా చెల్లెలికి కవలలు పుట్టారని.
"ఈ రోజుల్లోనా" అన్నాడు.
అంతే. పేర్లు అడగలేదు.
కోపం రాలేదు నాకు.
కారే ఇంజను కింద పెట్టిన పళ్ళెంలా
అంచుదాకా నిండి ఉన్నాడు,
ఇంకొక్క చుక్కకి చోటు లేదు, అది తేనె చుక్కయినా.

జనవరిలో తుఫాను వచ్చింది.
జూనిపర్ పొదలు నేలకంటుకుపోయాయి,
తీగలు తెగాయి, ఫెర్రీ ఆగింది.
మొదటి రాత్రికే బ్యాటరీలన్నీ చచ్చాయి.
రెండో రోజు రొట్టె పట్టుకుని నడిచి వెళ్ళాను.
ఆ ఇంట్లో నిశ్శబ్దాన్ని వినడం నాకదే మొదలు.
కిటికీ దగ్గర కూర్చుని తనలో తనే గొణుక్కుంటున్నాడు.
కాదు, చదువుతున్నాడు, ఆ రేడియో గొంతుతో:
"మంచు కురుస్తూనే ఉంది. పరిస్థితి విషమించవచ్చు.
తూర్పు కంచె కూలింది. నష్టాన్ని అంచనా వేస్తున్నారు."
ఎవరు వేస్తున్నారు, హెల్దూర్?
ఉన్నది నువ్వొక్కడివేగా.

మర ఆగినా కాసేపు పిండి రాలుతూనే ఉంటుంది.
అనుకున్నాను గానీ, ఇది అది కాదు.
వార్తలు పోయాయి, వాటి అచ్చు మిగిలింది.
సొంత కంచెని కూడా
అందులో పోసి తీస్తున్నాడు.

"సాల్మె ఇంటి మీద పొగ లేదు" అన్నాను.
ఒక్క పొలం అవతల ఆమె ఇల్లు.
అతను రోజంతా కూర్చునే కిటికీలోంచే కనిపిస్తుంది.
"ఎంతమంది?" అన్నాడు.

ఎంతమంది ఏమిటి?
ఒక్కతే. ఎనభై ఒక్కేళ్ళ సాల్మె.
నీ పెళ్ళికి కేకు చేసి, దారిలో సగం ఒలకబోసుకున్న సాల్మె.

తన మాట తనకే ఆలస్యంగా వినిపించినట్టుంది,
ఎక్కడో చాలా దూరపు స్టేషను పట్టినట్టు.
లేచాడు. బూట్లు తొడిగాడు,
ఎడమది కుడికాలికి.

బతికే ఉంది.
తుంటికి దెబ్బ తగిలి మంచం దిగలేకపోయింది.
కుంటి కుక్క రాత్రంతా పొట్ట మీద పడుకుని
దుప్పటి పని చేసింది.
హెల్దూర్ పొయ్యి రాజేశాడు.
గొట్టానికి చెవి దగ్గరగా పెట్టి
"మసి పట్టింది, దగ్గుతోంది" అన్నాడు.
ఆ గొంతుని నేను గుర్తుపట్టాను.

మారిపోయాడని చెప్పను.
నాలుగో రోజు కరెంటొచ్చింది,
రెండు రేడియోలూ ఒక్కసారే నోళ్ళు తెరిచాయి.
ఇప్పటికీ "విన్నావా?" అంటాడు.
కాకపోతే అనబోయే ముందు
ఒక్కసారి కిటికీ వైపు చూస్తాడు.

నేనేం తక్కువ కాదు.
నిన్న రాత్రి ఫోను మీద
పేర్లు లేని అరవై చావుల్ని బొటనవేలితో పైకి తోసేసి
టీ చల్లారిందని విసుక్కున్నాను.

పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేశాను.
పిల్లలకు పళ్ళొస్తున్నాయట.
ఎవరికి ముందొచ్చిందని అడిగాను.